బడిలో మౌనం... ఇంట్లో వసపిట్ట!

ఇంట్లో ఉన్నంతసేపూ గలగలా మాట్లాడే నాలుగేళ్ల పిల్ల, బడి గుమ్మం దాటితే చాలు నోరు విప్పదు. బొమ్మ కావాలంటే అడగదు, లాక్కుంటుంది. అడ్డొస్తే తోసేస్తుంది. సాయంత్రానికి టీచర్ నుంచి చీటీ... 'మీ అమ్మాయి ప్రవర్తన బాగోలేదు' అని. అమెరికా వెళ్లిన తెలుగు ఇళ్లకు ఇదేమీ కొత్త కథ కాదు.

పిల్లకి పొగరూ లేదు, పంతమూ లేదు. 'నాకూ ఇవ్వవా' అనడానికి ఇంగ్లిషులో మాట తెలీదు. అందుకే చెయ్యి ముందుకొస్తుంది. కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు వింటూ ఉండిపోతారు. కొందరు వారాలు, కొందరు నెలలు. నిపుణులు దీన్ని 'మౌన దశ' అంటారు.

దీన్ని లోపమనుకుంటే ఏమవుతుందో కాలిఫోర్నియా ఒకప్పుడు చూసింది. స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఇంగ్లిషులో తెలివితేటల పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం ఉందంటూ ప్రత్యేక తరగతుల్లో కూర్చోబెట్టారు. తొమ్మిదిమంది పిల్లల తరఫున కేసు పడింది. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వాళ్లలో ఏడుగురికి ఆ 'మాంద్యం' మాయం! 1970లో రాజీ కుదిరి, ఇంటి భాషలోనూ పరీక్షించాలని నిర్ణయమైంది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనీస్ పిల్లల కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. పిల్లలకు అర్థంకాని భాషలో పాఠం చెప్పి వదిలేస్తే, అందరికీ సమానంగా చదువు చెప్పినట్టు కాదని.

మరి నిజంగా సమస్య ఉందో లేదో తెలిసేదెలా? తెలుగులోనే చూడాలి. ఫోన్లో అమ్మమ్మకు కబుర్లు చెబుతోందా? చెప్పిన పని అర్థం చేసుకుంటోందా? అయితే కంగారు అక్కర్లేదు. తెలుగులోనూ తడబడుతుంటే మాత్రం వినికిడి పరీక్ష చేయించి, స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. ఇంగ్లిషు అర్థమవుతున్నా నెలల తరబడి బడిలో మాట్లాడకపోతే అది 'సెలెక్టివ్ మ్యూటిజం' అనే ఆందోళన సమస్య కావచ్చు. అప్పుడూ నిపుణుల్ని కలవాల్సిందే.

కంగారులో కొందరు ఇంట్లో తెలుగు ఆపేస్తారు. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది ఉత్త అపోహ. పైగా నాయనమ్మకు ఇంగ్లిషు రాక, మనవరాలికి తెలుగు రాక... అలిగిన పిల్లను బుజ్జగించేదెవరు?

టీచర్ చీటీకి జవాబుగా ఇంటి నుంచీ ఓ చీటీ వెళ్తే మేలు. 'నీళ్లు', 'నొప్పి', 'అమ్మ కావాలి'... పిల్ల నోట వచ్చే ఓ పది తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో, పక్కనే వాటి అర్థాలు.