రంగూను నగరాభివృద్ధి - కోరంగి కూలి

మన తూర్పుతీరపు పెద్దలు రంగూనును ‘రంగము’ అని వ్యవహరించుచుండిరి. ఆ నగరమున మనవారికి వచ్చిన పేరు ‘కోరంగి’. కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతిని క్రమముగా పూడిపోయినది. అయినను కాకినాడలో, విశాఖపట్టణములో ఓడ యెక్కినవానికి కూడ ఆ పేరు తప్పలేదు. పోను పోను అందులో కొంత చులకనయు చేరినది. రంగూనుతో తెలుగు కూలికి గల సంబంధమును 1941 నాటి జపాను బాంబులు తెంచినవని సామాన్యముగా చెప్పుదురు. అది అంతకు పదునొకండేండ్ల ముందే రేవులో తెగనారంభించినదని మా అభిప్రాయము.

1852లో ఆంగ్లేయుల వశమైన పిమ్మట రంగూను చదరంగపు గళ్ళవంటి వీథులతో నిర్మింపబడినది. 1869లో సూయజు కాలువ తెరచిన తరువాత ఇరావతీ డెల్టా బియ్యమునకు ఐరోపా విపణి దగ్గరయైనది. పొలము దున్నినవారు చాలవరకు బర్మీయులు. మిల్లులలో బస్తాలు మోయుట, వానిని ఓడల కెక్కించుట మనవారి వంతైనది. మేస్త్రీ బయానా యిచ్చి, ఓడ ఖర్చు పెట్టుకొని కూలీలను తెచ్చెడివాడు. ఆ అప్పు తీరువరకు కూలీ అతని చేతిక్రింద నుండవలసినదే. కూలిడబ్బు సైతము తరచుగా మేస్త్రీ చేతిమీదుగానే వచ్చుచుండెను. 1931 జనాభా లెక్కలనాటికి నగరమునందలి నాలుగు లక్షల జనములో సగమునకు మించి భారతీయులే.

తైలసంపద కథ వేరు. ఎనాంజాంగ్ బావుల నూనె మొదట ఇరావతిలో పడవలపై దిగుచుండెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములో బర్మా ఆయిల్ కంపెనీ, రంగూను కెదురుగా నది కావల నున్న సిరియం శుద్ధికర్మాగారము వరకు గొట్టపుమార్గము వేసినది. ధాన్యము ధర పడిపోయిన కాలమున తైలము నగరము నాదుకొన్నమాట నిజమే. కాని గొట్టమునకు మోతకూలీ అక్కరలేదు. నూనె నగరమునకు ధనము తెచ్చినంతగా పని తేలేదు.

1930లో ఆర్థికమాంద్యము వచ్చినది. ధాన్యపు ధర కొలది కాలములోనే సగమునకు దిగజారినది. అప్పు తీర్చలేని రైతుల భూములు చెట్టియార్ల పాలైనవి. 1930లో ప్రధానమగు వరిజిల్లాల భూమిలో నూటికి ఆరు వంతులు వారివి కాగా, 1937 నాటికి ఇరువదియైదు వంతులైనవి. భూమి పోయిన బర్మీయుడు పనికై నగరమునకు వచ్చెను. అచట రేవుపని అప్పటికే కోరంగి చేతిలో నుండెను.

ఆ మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె కట్టిరి. ఓడ కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకొన్నవి. రాజీ కుదిరిన పిమ్మట మే 26న మనవారు తిరిగి పనిలోనికి రాగా, పనికి వచ్చిన బర్మీయులకు పని లేదనిరి. ముందుగా ఒక్కమాట చెప్పి పంపినవారు లేరు. అవమానము అల్లరిగా మారినది. అధికారుల లెక్క ప్రకారమే నూర్గురకు పైగా మరణించిరి. వారిలో అత్యధికులు భారతీయులు. దీనిని జాతివైరమని వ్రాసి ఊరకుండుట మాకు సమ్మతము కాదు. ఒకే పనికి ఇద్దరు పేదలను పిలిచి, పిదప ఒకనిని త్రోసివేసినవారి పాత్ర అందు మరుగుపడుచున్నది. ‘మన బర్మా’ అను నర్థముగల దొబమా సంఘము ఆ కలహము తరువాతనే పుట్టినది.

తక్కినది త్వరగా నడచినది. 1937లో బర్మా భారతదేశమునుండి వేరైనది. మరుసటి యేట మరల కల్లోలము. 1941 జూలైలో వలసలను నియంత్రించు ఒడంబడిక కుదిరినది. అనగా బాంబులు పడుటకు అయిదు నెలల ముందే తలుపు మూయ నారంభించిరన్నమాట. డిసెంబరు 23న బాంబులు పడగా కూలీలు నగరము విడిచిరి. రేవు స్తంభించినది. అంతవరకు లెక్కకు రాని ఆ చేతుల విలువ అపుడు అధికారులకు తెలిసినది. 1942 మార్చి 7న సిరియం కర్మాగారమును ఆంగ్లేయులే తగులబెట్టిరి. మరునాడు రంగూను జపాను వశమైనది. అరకాను, మణిపురపు దారులలో నాలుగైదు లక్షలమంది భారతీయులు స్వదేశమునకు బయలుదేరిరి. త్రోవలో వేలకొలది నేలరాలిరి.

యుద్ధానంతరము కొందరు మరల పోయిరి. 1960 తరువాతి దశకములో వారిలో చాలమంది తిరిగి రావలసివచ్చినది. విశాఖపట్టణములో అట్టివారు దిగిన పేటకు బర్మా క్యాంపు అను పేరు స్థిరపడినది.