పిన్ని అరబ్బీ, అమ్మాయి ఫ్రెంచి

ఇంటర్ ఫలితాలొచ్చిన వారమంతా మండపేటలో ఏ అరుగు మీద కూర్చున్నా ఒకటే లెక్క: కంప్యూటర్సా, ఎలక్ట్రానిక్సా? అలాంటి చోట ఒకమ్మాయి "నేను బీఏ ఫ్రెంచిలో చేరతాను" అంటే కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒక్కొక్కరూ అందుకుంటారు. వాళ్లనేవి పచ్చి అబద్ధాలేం కావు. సగం సగం నిజాలు, అందుకే ఓ పట్టాన వదలవు.

అపోహ: "ఫ్రెంచితో మనకేం పనండీ?"

బియ్యం మిల్లుల ఊళ్లో ఈ మాట అనడమే తమాషా. కాకినాడ రేవులో ఓడలకెక్కే బియ్యంలో చాలా భాగం పడమటి ఆఫ్రికాకు పోతుంది. బెనిన్, టోగో, సెనెగల్, ఐవరీ కోస్ట్ దేశాల్లో ఆఫీసు కాగితం నడిచేది ఫ్రెంచిలో. నూక శాతం దగ్గర పేచీ వచ్చినప్పుడు కొనేవాడి భాష తెలిసిన మనిషి మనవైపు ఒకడుంటే ఆ బలమే వేరు. అలాగని డిగ్రీ చేతికి రాగానే ఎగుమతిదారు కారు పంపించడు. భాషకు తోడు లెక్కలో, న్యాయశాస్త్రమో, సాఫ్ట్‌వేరో ఇంకోటి వచ్చినవాళ్లకు దారి త్వరగా దొరుకుతుంది. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పాలి.

అపోహ: "పక్కనే యానాం ఉందిగా, అక్కడందరికీ ఫ్రెంచి వచ్చు."

రాదు. 1954లో ఫ్రెంచివారి పాలన పోయింది, 1962లో యానాం చట్టరీత్యా మన దేశంలో కలిసింది. అక్కడి సంతలో వినపడేది మన గోదావరి తెలుగే. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న కొద్ది కుటుంబాల సంగతి వేరు.

అపోహ: "ముందే కాస్త వచ్చుండాలి. తెలుగు మీడియం పిల్లలకు కుదిరేది కాదు."

హైదరాబాదులోని ఇఫ్లూ 1958లో ఇంగ్లీషు బోధన కోసం పుట్టింది. 1972లో విదేశీ భాషలనూ పేరులో కలుపుకుంది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడైనా, ఢిల్లీ జేఎన్‌యూలోనైనా విదేశీ భాషల బీఏ అక్షరాల నుంచే మొదలవుతుంది. ప్రవేశపరీక్ష గట్టెక్కాలి, పాఠం అందుకునేంత ఇంగ్లీషూ కావాలి. అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ జపనీస్ తరగతిలో తెలుగు పిల్లకు ఒక సుఖం ఉంది. ఇంగ్లీషువాడు పుస్తకం అని ముందు చెప్పేసి, అది ఎప్పుడు కొన్నదో వెనకాల తగిలిస్తాడు. మనం "నిన్న కొన్న పుస్తకం" అంటాం. జపాన్‌వాడు "కినో కత్తా హోన్" అంటాడు. కినో నిన్న, కత్తా కొన్న, హోన్ పుస్తకం. ఒక్క మాటైనా చోటు మారలేదు! "వస్తానని చెప్పాడు"లో మన "అని" చేసే పనిని వాళ్ల "తో" చేస్తుంది: "కురు తో ఇత్తా". క్రియ వాక్యం చివరే కూర్చుంటుంది, విభక్తి మాట వెనకే అంటుకుంటుంది. కొరియన్‌దీ ఇదే తీరు. దీన్ని పట్టుకుని తెలుగూ జపనీసూ అక్కాచెల్లెళ్లని ప్రచారం చేసేవాళ్లున్నారు, అది మరో అపోహ. వాక్యం కట్టే పద్ధతి కలిసింది, అంతే. రాత దగ్గరికొచ్చేసరికి ఆ సుఖమంతా ఆవిరి. వాడుకలో ఉండే కంజీ అక్షరాల అధికారిక జాబితాలోనే 2,136 ఉన్నాయి.

అపోహ: "ఏ1 సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరి."

ఐరోపా లెక్కలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పుకుని కాఫీ అడగగలగడం. జర్మనీలో నర్సుగా గుర్తింపుకు సాధారణంగా బీ2 అడుగుతారు.

అపోహ: "ఫోనే అనువాదం చేసేస్తోందిగా!"

చేస్తుంది. వదిన, మరదలు, ఆడపడుచు, తోటికోడలు అని నాలుగు మాటలిచ్చి చూడండి. ఫ్రెంచిలో నాలుగింటికీ "బెల్-సర్" ఒక్కటే. తప్పేం కాదు, వాళ్లకున్నది ఆ మాటే. ఇక లాంఛనాల దగ్గర ఆడపడుచు అలిగితే పెళ్లిపందిరంతా ఎందుకు కంగారుపడిందో పారిస్ పాఠకుడికి ఎలా తెలియాలి? ఆ మాట అలాగే ఉంచాలా, విడమర్చాలా, కథలోనే కలిపేయాలా అన్నది మనిషి తేల్చుకోవాలి. సాహిత్యం, చరిత్ర, ఆచారాలు అంటూ డిగ్రీలో పెట్టే పేపర్లు ఆ తెలివి కోసమే. ఎటొచ్చీ వాటిని బట్టీపట్టి గట్టెక్కేవాళ్లూ ఉంటారు.

అపోహ: "మా పిన్ని కువైట్‌లో ఆర్నెల్లకే అరబ్బీ నేర్చేసింది. దానికి మూడేళ్ల చదువా?"

ఇది గోదావరి జిల్లాల వాళ్లే అనగల మాట. పిన్ని నిజంగానే నేర్చింది. వేరొకరి వంటింట్లో, గద్దింపుల మధ్య, పలకా బలపం లేకుండా నేర్చింది. దాన్ని తక్కువచేసే ప్రొఫెసరుంటే ఆయనకే నష్టం. అయితే అరబ్బీ రెండు పొరల భాష. ఇంట్లో, బజారులో మాట్లాడేది ఒకటి, పత్రికలూ కోర్టులూ ఒప్పందాలూ రాసే ఫుస్‌హా ఇంకొకటి. గిడుగు రామమూర్తి గారు నడుం కట్టకముందు మన గ్రాంథికానికీ నోటి తెలుగుకూ ఉన్న ఎడం గుర్తు చేసుకోండి, దాదాపు అలాంటిదే. విశ్వవిద్యాలయం ఎక్కువగా నేర్పేది ఫుస్‌హా. అందుకే బీఏ అరబ్బీ చదివిన కుర్రాణ్ణి కువైట్ బజారులో వదిలితే టమాటాలు బేరమాడలేక తెల్లమొహం వేస్తాడు. పిన్ని చిటికెలో బేరం తెంచేస్తుంది గానీ, తన జీతం, సెలవులు, తిరుగు టికెట్టు రాసి ఉన్న కాగితంలో ఏముందో ఆ కుర్రాడు చదివి చెప్పాల్సిందే.