సర్వర్‌రహిత వెబ్ నిర్మాణం - జావాస్క్రిప్ట్ అభ్యాసం: జహీరాబాద్ నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

సర్వర్‌రహిత విధానం చిన్నపట్టణ విద్యార్థికి ఖర్చును, నిర్వహణ భారాన్ని తగ్గిస్తుంది. అయితే ఈ విధానంలో ఫంక్షన్‌కు నమ్మదగిన జ్ఞాపకం ఉండదు. ఈ విషయాన్ని గ్రహించకపోతే లెక్కలు తప్పుతాయి. జహీరాబాద్ ప్రాంతపు విత్తన నిల్వను ఉదాహరణగా తీసుకొని ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జావాస్క్రిప్ట్, సర్వర్‌రహిత విధానం, ఫంక్షన్, డేటాబేస్, విత్తన బ్యాంకు, జహీరాబాద్.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం. ఈ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ వంటి పంటల విత్తనాలను ఇళ్లలోను, గ్రామ విత్తన బ్యాంకులలోను కాపాడుతున్నాయి. 2008లో మాచ్‌నూర్‌లో ప్రారంభమైన సంఘం రేడియో, సమాచార సాధనం కూడా స్థానికుల చేతుల్లో ఉండగలదని నిరూపించింది.

ఇటువంటి చోట చదువుకొనే విద్యార్థి ఒక విత్తన పట్టికను వెబ్‌లో అందుబాటులో ఉంచదలచాడనుకుందాం. పాత పద్ధతిలో అతనికి రాత్రింబగళ్లు నడిచే కంప్యూటర్, దాని అద్దె, భద్రతా సవరణలు అవసరమవుతాయి. ఆ భారాన్ని తొలగించేదే సర్వర్‌రహిత విధానం.

2. పేరు - అర్థం

పేరులో 'రహిత' అని ఉన్నా సర్వర్లు లేకుండా పోవు. వాటి నిర్వహణ మాత్రమే విద్యార్థి నుండి సేవాసంస్థకు మారుతుంది. అమెజాన్ సంస్థ 2014లో ప్రకటించిన లాంబ్డా సేవ ఈ విధానానికి విస్తృత ప్రచారం కల్పించింది. అది మొదట స్వీకరించిన భాష జావాస్క్రిప్ట్. 1995లో బ్రౌజర్ కోసం పుట్టిన ఈ భాషను, 2009లో వచ్చిన నోడ్ సర్వర్ వైపునకు తెచ్చింది. అందువల్ల తెరమీది పుటకూ, వెనుకనున్న పనికీ ఒకే భాష సరిపోతుంది. 2022 నవంబరులో అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు హైదరాబాద్ ప్రాంతంలోనూ ప్రారంభమయ్యాయి. కనబడని ఆ సర్వర్లు జహీరాబాద్‌కు అంత దూరంలో లేవు.

3. పనితీరు - జ్ఞాపకం సమస్య

బ్రౌజర్ నుండి అభ్యర్థన రాగానే ఫంక్షన్ మేల్కొని, పని ముగించి, జవాబు ఇస్తుంది. కొంతకాలం అభ్యర్థనలు లేకపోతే అది నడిచిన పరిసరాన్ని సేవాసంస్థ తొలగిస్తుంది. తరువాతి అభ్యర్థనకు కొత్త పరిసరం సిద్ధం కావాలి గనుక మొదటి జవాబు కొంత ఆలస్యమవుతుంది.

విద్యార్థి విత్తన నిల్వను ఫంక్షన్ వెలుపలి చలరాశిలో దాచాడనుకుందాం. సొంత ల్యాప్‌టాప్‌లో లెక్క సరిగానే కనబడుతుంది. క్లౌడ్‌లో పరిసరం మారగానే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఒకేసారి ఇద్దరు అడిగితే రెండు పరిసరాలు రెండు వేర్వేరు లెక్కలు చెప్పవచ్చు. కనుక నిల్వ డేటాబేస్‌లో ఉండాలి.

అంతటితో సమస్య తీరదు. నిల్వలో 40 కిలోల జొన్నలు ఉన్నాయి. ఒకరు 5 కిలోలు, మరొకరు 3 కిలోలు ఒకే క్షణంలో అడిగారు. రెండు ఫంక్షన్లూ 40 అనే చదివి, ఒకటి 35 అని, రెండవది 37 అని రాస్తాయి. చివర రాసినదే మిగులుతుంది; నిజానికి మిగలవలసినది 32. ఈ తప్పు విత్తే అదనులో బయటపడితే, పట్టికను నమ్మి వచ్చిన రైతు ఉత్త చేతులతో వెళ్లవలసి వస్తుంది. చదవడం, తీసివేయడం, రాయడం అనే మూడింటిని విడివిడిగా చేయక, 'అడిగినంత నిల్వ ఉంటేనే తగ్గించు' అని డేటాబేస్‌కు ఒకే ఆజ్ఞగా ఇవ్వడం దీనికి పరిష్కారం.

4. ఖర్చు - జాగ్రత్తలు

లాంబ్డాలో నెలకు 10 లక్షల అభ్యర్థనలు, 4 లక్షల జీబీ-సెకన్ల వరకు ఉచితం. అభ్యాసానికి ఇది చాలు. అయితే ఫంక్షన్ రాసిన ఫైలే మళ్లీ ఆ ఫంక్షన్‌ను పిలిచేలా అమరిస్తే అంతులేని వలయం ఏర్పడి బిల్లు పెరగవచ్చు. బడ్జెట్ హెచ్చరిక సమాచారం ఇస్తుందే తప్ప, దానంతటదే సేవను ఆపదు. రహస్య తాళాలను ప్రోగ్రాంలో రాసి బహిరంగ భాండాగారంలో ఉంచితే ఇతరులు వాటిని వాడుకొనే ప్రమాదం ఉంది.

5. ముగింపు

సర్వర్ కనబడకపోవడం విద్యార్థికి సౌకర్యమే అయినా, దాని పనితీరు తెలియకపోవడం లోపమే. మొదట నోడ్‌తో చిన్న సర్వర్‌ను సొంత కంప్యూటర్‌లో నడిపి, ఆ తరువాత అదే పనిని ఫంక్షన్లుగా విభజించి క్లౌడ్‌కు తరలించడం మంచి క్రమం. అప్పుడు ఏ భారం సేవాసంస్థ మోస్తున్నదో, ఏ బాధ్యత తనపై మిగిలిందో విద్యార్థికి స్పష్టమవుతుంది. లెక్క సరిగా ఉండటం ఆ మిగిలిన బాధ్యతలలో మొదటిది.