ఉష్ణోగ్రతకు కావలి: థర్మోస్టాట్

హైదరాబాదు నుండి పుణె వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై, జహీరాబాదు దాటిన తరువాత, కర్ణాటక సరిహద్దున చిరాగ్‌పల్లి ఉంది. ఈ ప్రాంతంలో ఎండలు తీవ్రమైనవి; చలి కూడా తక్కువది కాదు. సమీపాన ఉన్న కోహీర్ తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. అయినా వేసవికి కూలరు, చలికి కంబళి ఇక్కడి ఇళ్లకు పరిచితమైన ఉపాయాలు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో మాత్రం ఈ రెండు పనులనూ శాసించే చిన్న పరికరం గోడ మీద కనిపిస్తుంది. అదే థర్మోస్టాట్.

దీని పుట్టుకకు ఒక తరగతి గది కారణం. అమెరికాలోని వైట్‌వాటర్ పట్టణపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ ఆచార్యుడు. గదిలో వేడి ఎంత ఉన్నదో చూడడానికి సేవకుడు పాఠం మధ్యలో లోపలికి వచ్చి, నేలమాళిగలోని కొలిమిని సవరించేవాడు. ఆ అంతరాయం తొలగించడానికి జాన్సన్ విద్యుత్ ఉష్ణసూచిని రూపొందించి 1883లో పేటెంటు పొందాడు.

పాత తరహా థర్మోస్టాట్‌లో ఇత్తడి, ఉక్కు వంటి రెండు లోహాల రేకులను అతికించిన పట్టీ ఉంటుంది. వేడికి ఇత్తడి ఎక్కువగా, ఉక్కు తక్కువగా వ్యాకోచిస్తాయి. అందువల్ల పట్టీ ఒక వైపునకు వంగి విద్యుత్ వలయాన్ని తెంచుతుంది. చల్లబడగానే మళ్లీ కలుపుతుంది. నేటి పరికరాలలో ఈ పనిని ఎలక్ట్రానిక్ సంవేదకం చేస్తుంది. థర్మోస్టాట్ వేడిని గాని చల్లదనాన్ని గాని పుట్టించదు. యంత్రం ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో మాత్రమే చెబుతుంది.

ఆ మాట సత్యం కావాలంటే దాని స్థానం సరైనది కావాలి. ఇంటి లోపలి గోడపై, నేల నుండి సుమారు 5 అడుగుల ఎత్తున దానిని అమర్చుతారు. ఎండ పడే చోటు, వంటగది, తలుపు, దీపం దగ్గర అమర్చితే అది గది ఉష్ణోగ్రతకు బదులు ఆ చోటి ఉష్ణోగ్రతనే చెబుతుంది. తీగలు వచ్చే రంధ్రాన్ని కూడా మూయాలి. లేకుంటే గోడ లోపలి గాలి తగిలి లెక్క తప్పుతుంది.

అమెరికా ఇళ్లలో సాధారణంగా దీనికి 24 వోల్టుల విద్యుత్తు అందుతుంది. ‘ఆర్’ అక్షరపు బిగింపు విద్యుత్తును తెస్తుంది. ‘డబ్ల్యూ’ వేడికి, ‘వై’ చల్లదనానికి, ‘జి’ పంకాకు చెందినవి. ‘సి’ పరికరానికి నిరంతర విద్యుత్తు అందేలా వలయాన్ని పూర్తి చేస్తుంది. పని మొదలుపెట్టేముందు మెయిన్ ఆపి, విద్యుత్తు లేదని మల్టీమీటరుతో నిర్ధారించుకోవాలి. పాత తీగలు ఏ అక్షరానికి బిగించి ఉన్నాయో ఫొటో తీసుకొని, ఒక్కొక్క తీగకు చీటీ అంటించిన తరువాతనే విప్పాలి. తీగ రంగు ఆచారం మాత్రమే; అక్షరమే ప్రమాణం. ‘ఆర్’, ‘సి’ తీగలు పరస్పరం తాకితే ఫ్యూజు గాని ట్రాన్స్‌ఫార్మరు గాని కాలిపోవచ్చు. కొన్ని విద్యుత్ హీటర్ల థర్మోస్టాట్‌లకు 120 లేదా 240 వోల్టులు నేరుగా వస్తాయి. మందమైన తీగలు కనిపిస్తే అది ప్రాణాపాయ సూచన. ఆ పని శిక్షణ పొందిన ఎలక్ట్రీషియనుకే వదలాలి.

మన ఇళ్లలోని ఏసీలోనూ ఈ కావలి ఉన్నది. గది త్వరగా చల్లబడుతుందని 18 డిగ్రీలకు తగ్గించేవారు పలువురు. కంప్రెసరు ఒకే వేగంతో నడిచే ఏసీలో దాని వలన చల్లదనం త్వరగా రాదు. యంత్రం ఆగే సమయం మాత్రం దూరమవుతుంది, విద్యుత్ బిల్లు పెరుగుతుంది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన పొదుపు సంస్థ అంచనా. అందుకే 2020 జనవరి 1 నుండి మన దేశంలో స్టార్ గుర్తు గల గది ఏసీలు తొలుత 24 డిగ్రీల వద్దనే నడిచేలా తయారు కావాలని ప్రభుత్వం నిర్ణయించింది.

శక్తిని సృష్టించే యంత్రాలు అనేకం. చాలు అన్న హద్దును గుర్తించి వాటిని ఆపే యంత్రం థర్మోస్టాట్. ఆ హద్దును నిర్ణయించే బాధ్యత మాత్రం మనిషిదే.