మేడపై సౌరవిద్యుత్తు: తెలుసుకోవలసిన ఒక సంగతి

గాలివానకు తీగలు తెగిననాడు జంగారెడ్డిగూడెంలో ఇంటింటా చీకటే. మేడపై సౌరఫలకాలుంటే ఆ బాధ ఉండదని పలువురు తలుస్తారు. అన్ని అమరికలకూ ఇది వర్తించదు.

ఫలకంలోని సిలికాన్ పొరలపై సూర్యరశ్మి పడగానే ఎలక్ట్రానులు కదలి ఏకముఖ విద్యుత్తు పుడుతుంది. ఇన్వర్టరు దానిని గృహోపకరణాలకు తగిన ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. ఒక కిలోవాట్ అమరిక మంచి ఎండ కాసిన రోజున సుమారు 4 యూనిట్లనిస్తుంది. మిగులు విద్యుత్తు నెట్ మీటరు ద్వారా వీధి తీగలలో కలిసి, మన బిల్లును తగ్గిస్తుంది. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది.

అయితే వీధి కరెంటు ఆగగానే ఈ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. ఆగకుంటే మన మేడపై పుట్టిన విద్యుత్తు, తెగిన తీగను సరిచేయ స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీయగలదు. కరెంటు లేనివేళ కూడా దీపం వెలగాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు అవసరం. కొనకముందే ఈ సంగతి అడిగి తెలుసుకొనుట మేలు.