చమురులో దాగిన నీటిబొట్టు

పట్టుచీర మీద పులుసు ఒలికిందనుకోండి. దాన్ని ఇంట్లో ఉతకరు, డ్రైక్లీనింగ్ దుకాణానికి పంపుతారు. అక్కడ చీరను నీళ్లలో ముంచరు. పెట్రోలు జాతి ద్రావకంలోనో, పర్‌క్లోరోఎథిలీన్‌లోనో వేసి తిప్పుతారు. నూనె మరక అందులో ఇట్టే కరిగిపోతుంది. కాని పులుసులో ఉప్పు, బెల్లం కూడా ఉన్నాయి కదా! అవి ఈ ద్రావకాలలో కరగవు. వాటికి నీరే కావాలి. అందుకని ద్రావకంలో కొద్దిపాటి నీటిని, ఒక రకం డిటర్జెంటును కలపడం ఉంది. అంటే పేరుకే అది పొడి ఉతుకుడు!

మరి చమురులో నీరు కలవదే! ఆ నీరు ఎక్కడ దాక్కుంటుంది?

సబ్బు అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. విద్యుదావేశం గల తలకు నీరంటే ఇష్టం. కార్బన్, హైడ్రోజన్‌ల గొలుసైన తోకకు నీరు గిట్టదు, నూనెతో పొత్తు కుదురుతుంది. (ఇష్టం, గిట్టకపోవడం అనేవి మనం వాడే మాటలు. అణువుల మధ్య ఉండేవి ఆకర్షణ, వికర్షణలు మాత్రమే.) నీటిలో ఈ అణువులు తోకలను లోపలికి ముడుచుకుని, తలలను బయటికి పెట్టి గుంపుకడతాయి. ఈ గుంపే మిసెల్. చమురులో కథ తలకిందులవుతుంది. తలలు లోపలికి, తోకలు బయటికి, నడుమ చిటికెడు నీరు. దీన్ని విలోమ మిసెల్ అంటారు.

శాస్త్రజ్ఞులు ఇందుకు ఎక్కువగా వాడేది ఏరోసాల్-ఓటీ అనే పదార్థం. దాని తల చిన్నది. తోకలు రెండు, అవీ కొమ్మలు వేసినవి. బత్తాయి తొన లోపలివైపు సన్నగా, బయటివైపు వెడల్పుగా ఉంటుంది చూడండి, అటువంటి ఆకారమే. తొనలు చేరితే బత్తాయి అయినట్టు ఈ అణువులు నీటిచుట్టూ సులువుగా ఒంగుతాయి.

పుస్తకాలలో విలోమ మిసెల్‌ను చక్కని గుండ్రని బంతిలా గీస్తారు. అది నిజంగా బంతేనా? లోపలి నీటి వ్యాసం తరచుగా మూడు నాలుగు నానోమీటర్లే. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం అంతకు నూరురెట్లు పైమాటే. కాబట్టి మామూలు సూక్ష్మదర్శినిలో దీని ఆకారం తెలియదు.

చూడలేనిదాన్ని లెక్కకట్టవచ్చునని చూపినవారిలో ముఖ్యుడు మన హైదరాబాదులో 1927లో పుట్టిన అనీసుర్ రహ్మాన్. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఆయన 1964లో 864 ఆర్గాన్ పరమాణువుల కదలికను కంప్యూటర్ మీద లెక్కించి, ద్రవం ఎలా ప్రవర్తిస్తుందో చూపాడు. 1971లో స్టిల్లింజర్‌తో కలిసి 216 నీటి అణువులతో అదే పని చేశాడు. (ప్రయోగశాల పేరూ వాయువు పేరూ ఒకటే కావడం కేవలం కాకతాళీయం.)

ఈ లెక్కకు మూలం మీరు చదువుకున్న న్యూటన్ రెండవ సూత్రమే. ప్రతి పరమాణువు ఎక్కడుందో కంప్యూటర్‌కు చెబుతారు. దాన్ని మిగతావి ఎంత బలంతో లాగుతున్నాయో, నెడుతున్నాయో అది లెక్కిస్తుంది. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది. దానిని బట్టి పరమాణువును రవ్వంత జరిపి, మళ్లీ మొదటినుంచి లెక్క. ఒక్కొక్క అడుగు ఒకటి రెండు ఫెమ్టోసెకండ్లు. సెకండును కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పదికోట్ల భాగాలు చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకండు! ఇంత చిన్న అడుగు ఎందుకంటే, నీటిలో హైడ్రోజన్ ఒకసారి ఊగి రావడానికి పట్టే కాలమే సుమారు పది ఫెమ్టోసెకండ్లు. పెద్ద అడుగు వేస్తే పరమాణువులు ఒకదానిలోకి ఒకటి దూరిపోయి లెక్క చెడుతుంది.

చమురు, నీరు, ఏరోసాల్-ఓటీ అణువులను చెల్లాచెదరుగా ఉంచి మొదలుపెట్టిన లెక్కలున్నాయి. గుంపుకట్టమని వాటికి ఎవరూ చెప్పలేదు. అయినా తలలు నీటిని చుట్టుముట్టి, తోకలు చమురులోకి చాచుకుని, మిసెల్ తనంతట తానే ఏర్పడింది.

ఇక బంతి సంగతి. 2004లో స్టెఫాన్ అబెల్, మాసిమో మార్కి, వారి సహచరులు చిన్న మిసెల్‌లను పరమాణువు పరమాణువుగా లెక్కించారు. వచ్చిన ఆకారం బంతి కాదు, సాగదీసినట్టున్న ముద్ద! లోపలి నీరు కూడా అంతా ఒకే తీరున లేదు. గోడ దగ్గర తలలూ, సోడియం అయాన్లూ పట్టి ఉంచడంవల్ల అక్కడి నీటి అణువులు మందకొడిగా తిరుగుతాయి. మిసెల్ పెద్దదయ్యేకొద్దీ నడిమి నీరు మన చెంబులో నీటిని పోలివస్తుంది. పరారుణ కిరణాలతో చేసిన ప్రయోగాలలోనూ ఈ రెండు రకాల నీటి జాడ కనబడింది.

అలాగని కంప్యూటర్ చెప్పిందల్లా నమ్మకూడదు. పరమాణువుల ఆవేశాలను మనం తప్పుగా ఇస్తే, అది ఆ తప్పునే ఎంతో శ్రద్ధగా లెక్కకట్టి పెడుతుంది. అందుకే ప్రతి ఫలితాన్నీ ప్రయోగంతో సరిచూస్తారు.

చివరగా మీకొక లెక్క. పదివేల పరమాణువులుంటే వాటి మధ్య జతలెన్ని? దాదాపు ఐదుకోట్లు. అడుగుకు ఒక ఫెమ్టోసెకండు చొప్పున, ఒక్క నానోసెకండు గడవాలంటే అడుగులు పదిలక్షలు. ప్రతి అడుగులో ప్రతి జతనూ చూడాలంటే మొత్తం ఎన్నిసార్లో మీరే గుణించి చూడండి.