గుంటూరు ఎండలో, హైవే మీద హైబ్రిడ్ కారు: పెట్టిన ఎక్స్‌ట్రా డబ్బు తిరిగొస్తుందా?

మా బాబాయిది నరసరావుపేట. మిర్చి సీజన్‌లో వారానికి మూడుసార్లు గుంటూరు యార్డుకి, నెలకోసారి ఒంగోలులో ఉన్న కూతురింటికి వెళ్లొస్తాడు. పాత కారు అమ్మేసి హైబ్రిడ్ కొందామని ఫోన్ చేశాడు. "ఏరా, లీటరుకి 28 ఇస్తుందంట గదా?"

ఆ 28 ఎక్కడిదంటే, 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకి కంపెనీలు చెప్పే 27.97. అది ల్యాబ్ టెస్ట్ నంబర్. ఫోన్ బాక్స్ మీద రాసే బ్యాటరీ బ్యాకప్ లాంటిదే అనుకోండి.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీర్చుకుందాం. అదే గ్రాండ్ విటారాలో మైల్డ్ హైబ్రిడ్ కూడా ఉంది. అందులో మోటార్ ఇంజిన్‌కి చేయి సాయం మాత్రమే చేస్తుంది, ఒంటరిగా కారుని నడపలేదు. షోరూమ్‌లో "హైబ్రిడ్" అనగానే ఏ హైబ్రిడ్ అని అడగండి. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే తక్కువ స్పీడులో ఇంజిన్ ఆపేసి మోటార్ మీదే వెళ్తుంది. ప్లగ్ ఉండదు. బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తితో, కొంత ఇంజిన్‌తో బ్యాటరీ నిండుతుంది.

ఆ బ్యాటరీ ఎంతనుకున్నారు? 0.76 కిలోవాట్ అవర్. అంటే 5000 ఎంఏహెచ్ ఫోన్లు ఒక 40 కలిపినంత, అంతే! క్షణాల్లో నిండి, క్షణాల్లో ఖాళీ అవుతుంది. అసలు కథంతా ఇక్కడే ఉంది. మాటిమాటికీ బ్రేక్ వేసే చోట ఇది బంగారం. శంకర్ విలాస్ సెంటర్, లాడ్జి సెంటర్ ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు, యార్డు బయట ఏసీ వేసుకుని ఎదురుచూస్తున్నప్పుడు ఇంజిన్ చాలాసేపు ఆగే ఉంటుంది. కానీ చిలకలూరిపేట దాటి హైవే మీద 100లో ఒంగోలు దాకా పోతుంటే బ్రేకు మీద కాలెక్కడ పెడతాం? పనంతా ఇంజిన్‌దే.

లెక్క వేద్దాం. పెట్రోల్ లీటర్ 110, మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ కంటే హైబ్రిడ్‌కి 2 లక్షలు ఎక్కువ అనుకుందాం. టౌన్‌లో పెట్రోల్ కారు 14, హైబ్రిడ్ 21 ఇస్తే కిలోమీటరుకి దాదాపు 2.60 మిగులుతుంది. 76 వేల కిలోమీటర్లకి డబ్బు వెనక్కి వస్తుంది. హైవేలో 16, 20 అనుకుంటే మిగిలేది 1.40 లోపే. అప్పుడు దాదాపు లక్షా నలభై ఐదు వేల కిలోమీటర్లు తిరగాలి!

ట్యాక్స్ కూడా పెద్దగా కలిసిరాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు హైబ్రిడ్‌లకి జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్ కార్లకి 5 శాతమే. సొంతిల్లు, చార్జింగ్ పాయింట్ ఉండి రోజుకి 90 కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఈవీ కూడా ఒకసారి చూడాలి.

రివ్యూల్లో పెద్దగా కనపడని విషయాలు ఇంకొన్ని. చాలా హైబ్రిడ్‌లలో బ్యాటరీని చల్లబరిచేది క్యాబిన్‌లోని గాలే. ఆ గాలి లోపలికి పోయే జాలీకి మన పత్తి పీచు, మిర్చి దుమ్ము పడితే కూలింగ్ తగ్గుతుంది. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకి వేరే చెప్పాలా? జాలీకి బ్యాగులు అడ్డం పెట్టకండి, సర్వీస్‌లో క్లీన్ చేయించండి. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లో డిక్కీ 265 లీటర్లే, మైల్డ్‌లో 373. ఇక యార్డుకి వేసవి సెలవులిచ్చాక కారు వారాల తరబడి కదలకపోతే మామూలు 12 వోల్ట్ బ్యాటరీ డౌన్ అవ్వొచ్చు. అది డౌన్ అయితే హైబ్రిడ్ కూడా స్టార్ట్ అవ్వదు. పెద్ద బ్యాటరీకి మాత్రం 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, అక్కడ భయం అక్కర్లేదు.

బాబాయి తిరిగేది సీజన్‌లో నెలకి 1300 కిలోమీటర్లు, ముప్పాతిక మూడొంతులు హైవే. డబ్బు వెనక్కి రావడానికి తొమ్మిదేళ్లు పైనే. వద్దన్నాను. గుంటూరులో మెడికల్ రెప్‌గా రోజంతా టౌన్‌లోనే 60 కిలోమీటర్లు తిరిగే వాళ్లబ్బాయికి మాత్రం మూడున్నరేళ్లలో వచ్చేస్తుంది, వాడికి తీసుకోమన్నాను. మీరూ టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే ట్రిప్ మీటర్ జీరో చేసి, ఏసీ ఆన్‌లో పెట్టి, రోజూ మీరు వెళ్లే దారిలోనే నడపండి. సేల్స్‌మన్ చూపించే ఖాళీ రోడ్డు మీద కాదు.